నాలుగు నెలల కుక్కపిల్ల

దీపావళి వెళ్లి కార్తికమాసము ప్రవేశించినంతనే ఆత్మకూరు ప్రాంతమున రెండు సందడులు మొదలగును. మొదటిది కురుమూర్తి జాతర. బస్సులలో కొందరును, ట్రాక్టరులలో కొందరును, కాలినడకను కొందరును స్వామి దర్శనమునకై గుట్టదారి పట్టుదురు. రెండవ సందడి అంత పేరుపొందినది కాదు. ఆ చలిదినములలోనే ఊరికుక్కలు పిల్లలను పెట్టును. గడ్డివాముల క్రిందను, పాడుపడిన గోడల ప్రక్కను, కంపచెట్ల మాటునను, ఒక్కొక తల్లి నాలుగైదు పిల్లలను పొదుగుకు చేర్చుకొని పండుకొనియుండును. ఆ వార్త ఊరిలోని బాలురకు తెలియుటకు ఎంతోసేపు పట్టదు.

పిల్లలు కన్నులు తెరచునో లేదో, పంపకములు ప్రారంభమగును. నల్లది నాది, మచ్చలది నీది, తోకకొన తెల్లగానున్నది వానిది. ఇరువది ఇరువదియైదు దినములు నిండునప్పటికి తల్లి ఆహారమునకై పోయిన వేళ చూచి, చొక్కాలో దాచుకొని ఎవరి పిల్లను వారు ఇంటికి చేర్చుదురు. ఇంత తొందరయేల యని యడిగినచో వారికడ సమాధానము సిద్ధముగ నుండును. పాలు మరువకముందే తెచ్చిన కుక్క ఇల్లు మరువదట. పెద్దదైన పిదప తెచ్చినది పారిపోవునట. ఇంటిలోని పెద్దలును ఈ మాటనే బలపరచి, "మొక్కై వంగనిది మానై వంగునా?" యని సామెత చెప్పుదురు.

ఆ రాత్రి జరుగునది మనలో చాలమందికి తెలిసినదే. పిల్ల తెల్లవార్లు కుయ్యిమని యేడ్చును. మరునాడు దానికి గిన్నెలో ఆవుపాలు పోయుదురు. ఆవుపాలు మనకు మంచివే కాని కుక్కపిల్లకు చాలవు. కుక్కపాలలో మాంసకృత్తులును, కొవ్వును ఆవుపాలలో కంటె రెట్టింపునకు పైగా ఉండును. పాలచక్కెర మాత్రము తక్కువ. అందుచేత ఆ పాలు త్రాగిన పిల్లకు బలము రాకపోగా విరేచనములు పట్టుకొనును. గోనెసంచిపై పరుండబెట్టినను దానికి వెచ్చదనము చాలదు. ఏలయన, తన శరీరపు వేడిని తాను సరిగా నిలుపుకొను శక్తి దానికింకను ఏర్పడలేదు. తోబుట్టువులు ఒకదానిపై నొకటి పడి పరుండుట ఆట కాదు, ఆ చలిని తట్టుకొను ఉపాయము. నాలుగైదు దినములు గడచును. ఆ పిమ్మట ఇంటివెనుక చిన్న గుంట త్రవ్వవలసివచ్చును. బాలుడు ఒకపూట అన్నము మానివేయును. మరుసటి యేడు మరల కార్తికమాసము వచ్చును.

వీధికుక్కల పిల్లలకు ఎట్లును ఆయువు తక్కువ. కలకత్తాలోని భారతీయ విజ్ఞానశాస్త్ర విద్యా పరిశోధన సంస్థకు చెందిన శాస్త్రజ్ఞులు పశ్చిమ వంగదేశపు వీధులలో పుట్టిన 364 కుక్కపిల్లలను ఓపికతో వెంబడించి, అవి ఏమైనవో వ్రాసి 2016లో ప్రకటించిరి. వానిలో పెరిగి పెద్దవై సంతానము కనదగిన వయస్సునకు చేరినవి నూటికి 19 మాత్రమే. చనిపోయినవానిలో నూటికి 63 మనుష్యుల మూలముననే చనిపోయినవి. ఇది చదివినవారికి, "అట్లయిన వీధిలో చచ్చుటకంటె మా యింటికి వచ్చుట మేలు కాదా?" యని తోచును. మేలే. కాని యెప్పుడు రావలెనన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్నకు సమాధానము కావలెనన్న, కుక్కపిల్ల పుట్టినది మొదలు ఎట్లు ఎదుగునో చూడవలెను.

పుట్టిన కుక్కపిల్లకు కన్ను కనబడదు, చెవి వినబడదు. వాసనచేతను, స్పర్శచేతను అది తల్లి పొదుగును వెదకికొనును. పది పదునాలుగు దినములకు కన్నులు విచ్చును. మూడవ వారమునకు చెవులు పనిచేయసాగును. అప్పుడే చిగుళ్లలో పాలపండ్లు పొడచూపును. అంతవరకు అది లోకములో లేదనియే చెప్పవచ్చును. మనవారు పంచుకొని తెచ్చుకొను సమయము ఇంచుమించు అది లోకములోనికి వచ్చిన మొదటి వారమే యగుచున్నది.

నాలుగవ వారమునుండి ఎనిమిదవ వారమువరకు జరుగు చదువు మిక్కిలి విచిత్రమైనది. పిల్లలన్నియు ఒకదాని చెవి నొకటి, ఒకదాని తోక నొకటి పట్టుకొని పెనగులాడును. చూచువారికి అది వట్టి అల్లరివలె కనిపించును. శ్రద్ధగా చూచినచో అందులో ఒక నియమము కలదు. ఒక పిల్ల తోటిపిల్ల చెవిని గట్టిగా కొరికినచో అది కెవ్వుమని యరచి, ఆట విడిచి దూరముగ పోవును. కొరికిన పిల్ల ఒంటరిగ మిగులును. ఆట మరల సాగవలెనన్న ఈసారి మెల్లగా పట్టుకొనవలెను. ఇట్లు దినమునకు ఎన్నోమారులు జరిగిన పిదప, ఎంత బలముగ కొరికిన నొప్పి కలుగునో, ఎంతవరకు కొరికిన ఆట యగునో దానికి తెలియును. పండ్లు వచ్చిన తరువాత పొదుగును నొప్పించిన పిల్లను తల్లి గుర్రుమని బెదరించి లేచిపోవును. ఈ పాఠమును మనుష్యుడు చెప్పలేడు. తోబుట్టువులతో పెనగులాడక, ఇరువది దినములకే మన యింటికి వచ్చిన పిల్ల మన చేతివ్రేళ్లను సూదులవంటి పండ్లతో కొరుకుచున్నప్పుడు, "చూడుడు, ఎంత చురుకైనదో" అని మురిసిపోవుట కలదు. ఆరునెలల తరువాత ఆ చురుకుదనమే చెల్లెలి చేతిని గాయపరచిన, కఱ్ఱ తీసికొని దానిని బజారులోనికి తరుముట కలదు. తప్పు కుక్కది కాదు. దాని బడి మధ్యలోనే మూతపడినది.

తల్లి యనగానే మన భారతమునందలి సరమ జ్ఞప్తికి వచ్చును. జనమేజయుని సోదరులు నిరపరాధియైన తన పిల్లను కొట్టగా, ఆ దేవశుని రాజుకడకు వచ్చి న్యాయమడిగినది. అంత గొప్ప కథ కుక్కతల్లితో ఆరంభమగుట మన పెద్దలు ఊరకే చేసిన పని కాదని నా యభిప్రాయము.

ఇక జబ్బుల సంగతి. పుట్టిన మొదటి దినమున త్రాగిన ముర్రుపాలతో తల్లి తన రోగనిరోధకశక్తిలో కొంత పిల్లకు ఇచ్చును. తల్లికి ఆ శక్తి యున్న పక్షమున అది పిల్లను కొన్ని వారములు కాపాడును. తరువాత క్రమముగ తగ్గిపోవును. ఇందొక చిక్కు కలదు. తల్లి ఇచ్చిన శక్తి రక్తములో మిగిలియున్నంతకాలము మనము వేయించు టీకాను అది పనిచేయనీయదు. అది పూర్తిగ పోయిన దినమేదో బయటివారికి తెలియదు. ఒక్కొక పిల్లకు ఒక్కొక కాలము. అందుచేతనే పశువైద్యులు ఆరు లేక ఎనిమిది వారముల వయస్సున మొదటి టీకా వేసి, మూడు నాలుగు వారముల కొకమారు మరల మరల వేయుచు, పదునారు వారములు నిండువరకు కొనసాగింతురు. ఏదో యొకటి పట్టుకొనునని వారి యాశ. ఈ నడిమి కాలములోనే పిల్లకు ఆపద యెక్కువ. 1978లో లోకమునకు తెలియవచ్చిన పార్వో యను విషజీవి రక్తవిరేచనములు కలిగించి లేతపిల్లలను కొద్దిదినములలోనే చంపును. అది నేలలో నెలల తరబడి నిలిచియుండును. కావున ఒక పిల్ల చనిపోయిన ఇంటికి వెంటనే మరియొక లేతపిల్లను తెచ్చుట తెలిసి తెలిసి దానిని మృత్యువున కప్పగించుటయే. నాలుగు నెలలు నిండి టీకాలు పడిన పిల్ల ఈ వంతెనను దాటి వచ్చినది.

అంతకంటె భయంకరమైనది మరొకటి కలదు. అది పిచ్చికుక్క కాటువలన వచ్చు రేబిస్. "పాలుత్రాగు పిల్లకు పిచ్చియేమి?" యని మనవారు తేలికగ తీసిపారవేయుదురు. రేబిస్‌కు చిన్న పెద్ద భేదము లేదు. పిచ్చికుక్క కరచిన పిల్లకును ఆ వ్యాధి వచ్చును. ఆ పిల్ల కరచినను, దాని చొంగ గాయమున పడినను మనుష్యునకు వచ్చును. లక్షణములు కనిపించిన తరువాత దాదాపు ఎవ్వరును బ్రదుకరు. కుక్కకు ఈ టీకాను మూడు నెలలు నిండిన పిమ్మట వేయుదురు. అనగా, దొంగచాటున తెచ్చి ఒడిలో పెట్టుకొని ఆడించు నెలదినముల పిల్లకు ఆ రక్షణ లేదన్నమాట. పిల్లను తెచ్చినట్లు ఇంటిలో తెలిసిన తిట్టుదురని అది కరచిన సంగతిని దాచు బాలురును కలరు. అట్లు దాచకూడదు. కరచినను, పండ్లతో గీరినను వెంటనే ఆ చోటును సబ్బుతోను, ధారగ పడు నీటితోను పదునైదు నిమిషములు కడిగి, ఆ దినముననే ప్రభుత్వ వైద్యశాలకు పోవలెను. పారిసు నగరములో పాశ్చర్ మహాశయుడు 1885 జూలై 6వ తేదీన జోసెఫ్ మైస్టర్ అను తొమ్మిదేండ్ల బాలునకు మొట్టమొదట ఈ చికిత్స ఆరంభించి బ్రదికించెను. దక్షిణదేశమున కూనూరులో 1907లో పాశ్చర్ సంస్థ వెలసినది. నేడు అంత దూరము పోవలసిన పని లేదు. పోవలెనన్న బుద్ధి మాత్రము కావలెను.

ఇప్పుడు అసలు వాదమునకు వత్తము. ఇంతయు నిజమే, కాని ఎదిగిన పిల్ల మనలను ప్రేమించునా?

ఈ సందేహము మన పల్లెవారిది మాత్రమే కాదు. అమెరికాలో మెయిన్ రాష్ట్రమున బార్ హార్బర్ అను ఊరిలో జాక్సన్ పరిశోధనాలయము కలదు. అచ్చట స్కాట్, ఫుల్లర్ అను శాస్త్రజ్ఞులు కుక్కల స్వభావమును గూర్చి చాలయేండ్లు పరిశోధించి 1965లో ఒక పెద్ద గ్రంథము ప్రకటించిరి. ఆ పరిశోధనాలయముననే జరిగిన మరియొక ప్రయోగఫలితము 1961లో వెలువడినది. ఎత్తైన కంచెగల విశాలమైన పొలములో తల్లులతో కుక్కపిల్లలను విడిచిరి. మనుష్యుని ముఖము కనబడకుండ కంచెలోని సందుగుండ ఆహారము పెట్టుచుండిరి. కొన్ని పిల్లలను రెండవ వారమున, కొన్నిటిని మూడవ, అయిదవ, ఏడవ, తొమ్మిదవ వారములందు ఒక్క వారము మాత్రము లోనికి తెచ్చి, మనుష్యులతో మెలగనిచ్చి మరల పొలములో విడిచిరి. కొన్నిటిని పదునాలుగు వారములు నిండువరకు తేనేలేదు. తుదకు చూడగా, అయిదు మొదలు తొమ్మిది వారముల నడుమ మనుష్యుని చూచిన పిల్లలు చక్కగ మచ్చికయైనవి. పదునాలుగు వారములవరకు మనుష్యుని ఎరుగనివి అడవిమృగములవలె బెదరిపోయినవి. ఆ పిమ్మట ఎంత లాలించినను వాని బెదురు పూర్తిగ తీరలేదు.

ఇది వినగానే చిన్నపిల్లను తేవలెననువారు, "మా మాటయే గెలిచినది" అందురు. తొందరపడకూడదు. ఆ ప్రయోగము చెప్పినది, పిల్లకు మూడు వారములు మొదలు సుమారు పండ్రెండు, పదునాలుగు వారములవరకు ఒక తలుపు తెరచియుండునని. ఆ కాలములో అది మనుష్యులను చూడవలెనని. తల్లిని విడువవలెనని చెప్పలేదు. ఈ రెండును వేరువేరు సంగతులు. తల్లి ప్రక్కనే యుండి మనుష్యుని చేతిముద్ద తినిన పిల్ల ఈ రెండు లాభములును పొందును.

ఈ భేదమును దక్షిణాఫ్రికాలో స్లాబెర్ట్, రాసా అను ఇద్దరు శాస్త్రజ్ఞులు స్పష్టముగ చూపిరి. పోలీసు పనికై పెంచు జర్మన్ షెపర్డ్ జాతి పిల్లలలో కొన్నిటిని ఆరు వారములకే తల్లినుండి వేరుచేసిరి. కొన్నిటిని పండ్రెండు వారములవరకు తల్లికడనే యుంచిరి. ఆరు వారములకు వేరైనవి ఆహారము సరిగా తినక బరువు తగ్గినవి. జబ్బులును, చావులును వానిలోనే యెక్కువ. తల్లికడ నున్నవి మనుష్యుని మచ్చికలో వెనుకబడనూలేదు. ఇది 1993 నాటి మాట. 1997లో వారే ఇంకొక ముచ్చటైన సంగతి వెల్లడించిరి. దాచియుంచిన మత్తుపదార్థములను వాసనపట్టి తెచ్చుటలో ఆరితేరిన తల్లి, ఆ పని చేయుచుండగా ఆరవ వారమునుండి పండ్రెండవ వారమువరకు చూచిన పిల్లలు, తరువాత ఎవ్వరును నేర్పకపోయినను, ఆరునెలల వయస్సున ఆ విద్యలో తక్కిన పిల్లలకంటె మిన్నగ నుండెనట! తల్లి వెంట నడచుట వ్యర్థకాలక్షేపము కాదని ఇంతకంటె వేరుగ చెప్పవలసిన పని లేదు.

ఇటలీలో 2011లో ప్రకటించిన మరొక పరిశీలన కలదు. ముప్పది నలుబది దినములకే తల్లిని విడిచిన 70 కుక్కలను, రెండు నెలలకు విడిచిన 70 కుక్కలను పోల్చి చూడగా, ముందుగ విడిచినవానిలోనే ఊరక మొరుగుట, బయటికి పోయిన బెదరుట, వస్తువులను కొరికి పాడుచేయుట ఎక్కువగ కనబడినది. మన దేశమున 2017లో ఏర్పడిన నియమములు ఎనిమిది వారములు నిండని కుక్కపిల్లను అమ్మరాదని శాసించుచున్నవి. ఎనిమిది వారములన్నది కనీసపు గీత. అంతకంటె పెద్దదానిని తెచ్చుకొనరాదని యెక్కడను లేదు.

ఇక మన సామెత. మొక్కై వంగనిది మానై వంగదన్నది సత్యమే. కాని నాలుగు నెలల కుక్కపిల్ల మాను కాదు. దానికి పాలపండ్లు రాలి గట్టిపండ్లు వచ్చుట అప్పుడే మొదలైనది; అది పూర్తియగుటకు ఆరేడు నెలలు నిండవలెను. ఒళ్లు నిండి స్వభావము కుదురుటకు ఏడాదియో, అంతకుమించియో పట్టును. నాలుగు నెలలది వేరూనిన మొక్క. నెలదినములది ఇంకను మొలక. మొలకను పెరికి నాటుట ఏ రైతును చేయడు.

ఆత్మకూరు వారికి ఈ సంగతి చూచుటకు దూరదేశములు పోనక్కరలేదు. జూరాల జలాశయపు కాలువలు వచ్చిన పిదప ఈ ప్రాంతమున వరిపొలములు పెరిగినను, పాలమూరు నేల గొఱ్ఱెల మందలకు పేరుపొందినదే. గొల్లలు, కురుమలు కోతలైన పొలములలో ఎరువునకై మందలు కట్టుదురు; మేత తగ్గినప్పుడు మందలను తోలుకొని నదీతీరములకును, నల్లమల వైపునకును పోవుదురు. రాత్రివేళ మందకు కావలి కుక్కయే. నల్లమలలో చిరుతపులులును, రేసుకుక్కలును కలవు. ఊరిప్రక్కన దొంగలును కలరు. గొంగడి కప్పుకొని కాపరి కునుకుతీయునప్పుడు చెవులు నిక్కించుకొని యుండునది ఆ మూగజీవమే.

ఒక బాలుడు కుక్కపిల్ల కావలెనని అట్టి మందకు పోయినాడనుకొందము. ఆ మందలో ఒక తల్లికుక్క నెలదినముల క్రిందట పెట్టిన పిల్లలున్నవి. మరొక తల్లి పిల్ల నాలుగు నెలలది, కాళ్లు పొడవై, చెవులొకటి నిలిచి యొకటి వాలి, చూచుటకు అంత ముద్దుగ లేనిది, కాపరి వెంట తిరుగుచున్నది.

"తాతా, ఆ చిన్నదాని నీయరాదా? ఇది పెద్దదైపోయినది. నా మాట వినునా?" అని బాలుడడుగును.

"బిడ్డా, అది తల్లి పొదుగు ఇంకను విడువలేదు. తీసికొనిపోయిన నాలుగు దినములు ఆడుకొందువు, అయిదవనాడు ఏడ్తువు. దీనిని చూడు. గొఱ్ఱెచేత తన్నులు తిని బుద్ధి తెచ్చుకొన్నది. తల్లిచేత కాట్లు తిని బుద్ధి తెచ్చుకొన్నది. నీవు నేర్పవలసిన దానిలో సగము నేర్చియే వచ్చును" అని ముసలివాడు చెప్పును.

ముసలివాని మాటలో ఎంత నిజమున్నదో చూడుడు. గొఱ్ఱెల నడుమ పెరిగిన పిల్ల గొఱ్ఱెను తరుమదు. 1970వ దశకము చివర అమెరికాలో రేమండ్ కాపింజర్ అను శాస్త్రజ్ఞుడు టర్కీ, ఇటలీ మొదలగు దేశములనుండి మందకుక్కల పిల్లలను తెప్పించి, వానిని చిన్ననాటినుండి గొఱ్ఱెల నడుమ పెంచి అచ్చటి రైతుల కిచ్చెను. పసితనమున ఏ జీవులతో కలసి పెరుగునో ఆ జీవులను అది తనవారుగ ఎంచునని ఆయన అనుభవము. కాపరులకు ఇది పుస్తకము చదివి తెలిసికొనవలసిన సంగతి కాదు. మన యింటిలో కోళ్లో, మేకయో ఉన్నచో ఈ గుణము విలువ తెలియును. లేతపిల్లను తెచ్చినచో కోడిపిల్లలు దానికి కదలెడి ఆటవస్తువులు.

ఇంకొక సౌకర్యము. ఆరుబయట పెరిగిన పిల్ల తాను పరుండు చోటును మలినము చేసికొనదు. కొంతదూరము పోయి వచ్చును. నాలుగు నెలలకు దానికి ఆపుకొను శక్తియు కొంత వచ్చియుండును. తెల్లవారి వాకిట పేడనీళ్లు చల్లు అమ్మకు ఈ యొక్క గుణము చాలు. జొన్నరొట్టె ముక్కయు, గంజియు, పెరుగన్నమును అరగించుకొనగలదు. రూపమును, స్వభావమును సగము తేలియుండుటచేత మనము తెచ్చుకొనునది ఎట్టిదో తెలిసియే తెచ్చుకొనుచున్నాము. లేతపిల్ల విషయమున అది వట్టి జూదము.

అయినను ఎదిగిన ప్రతి పిల్లయు మంచిదని భ్రమపడరాదు. వయస్సెంతయని కాదు, ఆ వయస్సు ఎక్కడ గడచినదని అడుగవలెను. పట్టణములలో అమ్ముటకుంచి, ఎవ్వరును కొనక, ఇనుపబోనులో ఒంటరిగ నాలుగు నెలలు గడపిన పిల్ల కలదు. దానికి తోబుట్టువుల ఆట తెలియదు, పిల్లల కేకలు తెలియవు, పడుకొన్నచోటనే మలమూత్రములు విడుచుట అలవాటై యుండును. బార్ హార్బర్ పొలములోని పిల్లలకును దానికిని గల తేడా కొంచెమే. అట్టిదానిని దయతో తెచ్చుకొనువారు తెచ్చుకొనవచ్చును గాని, చాల ఓపిక యున్న పెద్దలే ఆ పనికి పూనుకొనవలెను. ఎనిమిదవ తరగతి బాలుని చేతిలో పెట్టదగిన పని కాదది.

మందకడనో, తెలిసినవారి ఇంటికడనో పెరిగిన పిల్లను చూడబోయినప్పుడు తటాలున ఎత్తుకొనరాదు. కొంచెము దూరమున నేలపై కూర్చుండవలెను. మొదట తగ్గి చూచినను, కొంతసేపటికి తానై వచ్చి వాసన చూచిన పిల్ల మంచిది. మూల దూరి వణకుచు బయటికి రానిది, చేయి చాచినంతనే పండ్లు చూపునది మనకు తగదు. తోటి కుక్కలతో ఎట్లు మెలగుచున్నదో చూడవలెను. చప్పట్లు కొట్టిన ఉలికిపడినను వెంటనే తేరుకొన్నదా? తినుచుండగా కాపరి దాని వీపు నిమిరిన గుర్రుమన్నదా? ఇవియే పరీక్షలు. చెవుల అందము, మచ్చల వరుస తరువాతి సంగతులు.

మందనుండి వచ్చిన పిల్లకు తెలియనివియు చాల కలవు. తిరుగు పంఖా, మాటలాడు దూరదర్శని, నున్నని బండలనేల, మెట్లు, ప్రక్కనుండి దూసికొనిపోవు మోటారుసైకిలు — ఇవి దానికి వింతలు. ఒక్కదినమున అన్నిటిని చూపరాదు. దినమున కొకటి, దూరమునుండి, రొట్టెముక్క పెట్టుచు చూపవలెను. పండ్లు మారు కాలము గనుక చెప్పులు కనబడిన విడువదు. చెప్పులు దాచుకొనుట మన పని, కొట్టుట మన పని కాదు. ఉల్లిపాయ వేసిన కూర, ద్రాక్షపండ్లు, చాకొలెటు కుక్కలకు విషము. ఉడికిన కోడియెముక సూదివలె చీలి గొంతులోనో, ప్రేగులోనో గ్రుచ్చుకొనును. పండుగనాడు ఇది ముఖ్యముగ గుర్తుంచుకొనవలెను.

తెచ్చునాడు కాపరినడిగి అది పరుండిన గోనెముక్కనో, చినిగిన గొంగడిముక్కనో వెంట తెచ్చినచో మంచిది. అందులో తల్లి వాసన యుండును. మొదటి వారము అది ఏమి తినుచుండెనో అదియే పెట్టవలెను. రాత్రి వాకిట ఒంటరిగ కట్టివేయక, మనము పరుండు చోటికి దగ్గరలో ఒక మూల చూపవలెను. రెండు మూడు రాత్రులు అది కూడ మూలుగును. ఎదిగినది గనుక బెంగ యుండదనుట పొరపాటు. బెంగ యుండును, దానిని తట్టుకొను బలమును ఉండును. పారిపోవునను భయమున్న మొదటి పక్షము దినములు వాకిలి మూసి, త్రాడుతో తిప్పిన చాలును. పేరు పెట్టి, ఆ పేరుతో పిలిచినప్పుడెల్ల మేలే జరుగునట్లు చూడవలెను. తిట్టుటకు ఆ పేరు వాడరాదు.

తల్లికుక్కను మరచిపోరాదు. పిల్లలనన్నిటిని ఒక్కనాడే తీసికొనిపోయిన దాని పొదుగు గడ్డకట్టి నొప్పిపడును, ఊరంతయు వెదకును. ఒకటి రెండు దినముల యెడముతో తీయుట మంచిది. పెద్దవారు పూనుకొని పశువైద్యుని సలహాతో దానికి సంతానము కలుగకుండ శస్త్రచికిత్స చేయించినచో, మరుసటి కార్తికమున చలిలో వణకు పిల్లలు అంతమేరకు తగ్గును.

ఇంటికి వచ్చిన రెండు మూడు దినములలో పిల్లను పశువైద్యశాలకు తీసికొనిపోవలెను. మందలోని పిల్లకు టీకాలు పడియుండకపోవచ్చును; అడిగి తెలిసికొని వైద్యునికి చెప్పవలెను. ఆయన మొదట నులిపురుగులకు మందిచ్చును, తరువాత రేబిస్ టీకాయు, తక్కిన టీకాలును వేయును. మరల ఎప్పుడు రావలెనో చీటిపై వ్రాసి యిచ్చును. ఆ చీటి పుస్తకములలో పడి పోవుట సహజము గనుక, గోడకు వ్రేలాడు పంచాంగపు కాగితముపై ఆ తేదీచుట్టు ఎఱ్ఱసిరాతో గుండ్రని గీత గీసికొనవలెను.